ఇరవై ఒక్క రోజుల పుస్తకం

ఆసుపత్రి రెండో అంతస్తులో, డయాలసిస్ గదిలో పదకొండు మంచాలుండేవి. కిటికీ పక్కనున్న నాలుగో మంచం ఆమెది. వారానికి మూడు రోజులు పొద్దున్న ఏడింటికల్లా వచ్చి, బరువు చూపించుకుని, ఎడమ చెయ్యి చాపి పడుకునేది. ఆ చేతికి రెండు సూదులు గుచ్చేవారు. ఒక సూదిలోంచి రక్తం గొట్టం వెంట మిషనులోకి వెళ్ళి, శుభ్రపడి, రెండో సూదిలోంచి ఒంట్లోకి తిరిగి వచ్చేది. నాలుగు గంటల పని. అంతసేపూ ఆ చెయ్యి మడవకూడదు, కదపకూడదు.

బట్టల దుకాణం వెనక గదిలో ముప్ఫై ఏళ్ళు కుట్టుమిషను తొక్కిన మనిషి ఆమె. ఆసుపత్రికి రావడం మొదలైన మొదటి వారంలోనే, తన మంచం పక్కనున్న మిషను చప్పుడు విని, దీని గొంతు బాగాలేదు, ఎక్కడో బిగుసుకుంటోంది అని నర్సుకి చెప్పింది. నర్సు నవ్వి ఊరుకుంది. మధ్యాహ్నానికి ఆ మిషను నిజంగానే మొరాయించింది. అప్పట్నుంచి ఆ గదిలో అందరికీ ఆమె మిషనక్క అయిపోయింది. ఐదో మంచం మీది తాతగారు ఆమెకంటే పాతికేళ్ళు పెద్ద. ఆయన కూడా మిషనక్కా అనే పిలిచేవాడు.

ఆమె భర్త లిఫ్టు మెకానిక్కు. ఎత్తైన భవనాల నెత్తిన, ఇనప తాళ్ళూ మోటార్లూ ఉండే ఇరుకు గదుల్లో ఆయన బతుకంతా గడిచింది. వాళ్ళకి పిల్లలు లేరు. ఆయనకి చదువు రాక కాదు గానీ, మోటారు మీద అంటించిన సూచనలు, తనిఖీ కాగితాలు, కరెంటు బిల్లు దాటి అక్షరాలతో ఎప్పుడూ పని పడలేదు. ఆమె మాత్రం పుస్తకాల పురుగు. పెళ్ళైన కొత్తలో బస్టాపు దగ్గర అద్దె పుస్తకాల కొట్టు ఉండేది. అది మూతబడ్డాక పాతపేపర్ల దుకాణంలో కిలోల లెక్కన తెచ్చుకునేది. అట్టలు ఊడినవీ, మధ్యలో పుటలు పోయినవీ ఏవైనా సరే. పోయిన పుటల్లో ఏం జరిగి ఉంటుందో అన్నం తినేటప్పుడు తనే కల్పించి ఆయనకి చెప్పేది. ఆయన ఊఁ కొడుతూ తినేవాడు. సగం వినేవాడు, సగం వినేవాడు కాదు.

డయాలసిస్ మొదలయ్యాక చిక్కంతా ఒంటిచేతితోనే వచ్చింది. పుస్తకాన్ని తొడకి ఆనించి, బొటనవేలితో పుటలు విడదీసి పట్టుకుంటే పావుగంటకే వేళ్ళు పీకేవి. కుట్టుపనిలో బట్ట జారకుండా పెట్టే క్లిప్పులు రెండు తెచ్చుకుని పుటలకి తగిలించేది. పుట తిప్పాలంటే క్లిప్పులు తీసి మళ్ళీ పెట్టాలి. ఒకరోజు లావుపాటి పుస్తకమొకటి తొడ మీంచి జారింది. ఆలోచించకుండా ఎడమ చెయ్యి చాచి పట్టుకోబోయింది. సూది పక్కకి జరిగి, దుప్పటి ఎర్రబడింది. మోచేతి దగ్గర చెయ్యి బూరెలా ఉబ్బి, రెండు వారాలు నల్లగా కమిలి ఉంది. ఇక ఈ గదిలోకి పుస్తకం తేవద్దని పెద్ద నర్సు గట్టిగానే చెప్పింది. ఆమె తర్వాతి నాలుగైదు సార్లు పైకప్పు వైపు చూస్తూ పడుకుంది.

ఆయన పదకొండింటికి ఆమెని తీసుకెళ్ళడానికి వచ్చేవాడు. ఒకనాడు తొందరగా వచ్చి తలుపు అద్దంలోంచి చూశాడు. మిగతా మంచాల మీద కొందరు నిద్రపోతున్నారు, కొందరు గోడకున్న టీవీ చూస్తున్నారు. ఆమె మాత్రం పైకప్పుకున్న పలకలని వేలితో గాలిలో లెక్కపెడుతోంది. ఆయన లోపలికి వెళ్ళకుండా బయట బల్ల మీద కూర్చున్నాడు. ఆ సాయంత్రమే పాత ఫోన్లు అమ్మే వీధికి వెళ్ళి, ఒక మూల అద్దం పగిలిన టాబ్లెట్ ఒకటి కొన్నాడు. ఒంటిచేత్తో పట్టుకోవచ్చు, బొటనవేలితో తాకితే పుట తిరుగుతుందని దుకాణం మనిషి చూపించాడు. దాన్ని మంచం కమ్మీకి బిగించడానికి ఆయన లిఫ్టు తలుపులకి వాడే ఇనప పట్టీని వంచి ఒక స్టాండు చేశాడు. పెద్ద నర్సు దాన్ని అటూ ఇటూ ఊపి చూసి, సరేనంది.

టాబ్లెట్ అయితే వచ్చింది గానీ, అందులోకి పుస్తకాలు రావాలిగా. ఆమె చాలా కాలంగా చదవాలనుకుంటున్న నవల ఒకటి ఆయన వెతికి, ధర చూసి నోరెళ్ళబెట్టాడు. అచ్చు పుస్తకానికీ దీనికీ పెద్ద తేడా లేదు. ఆ రాత్రి భోజనాల దగ్గర ఆ మాటే అన్నాడు.

“కాగితం లేదు, అట్ట లేదు, బండి మీద మోసుకొచ్చే పని లేదు. దీనికింత ధరేంటోయ్?”

“బట్ట మనదే అయినా కుట్టుకూలి కుట్టుకూలేగా” అందామె.

కానీ ఆమె చదివే వేగానికి అలా కొంటూ పోతే ఇల్లు గుల్లయ్యేది. ఆసుపత్రి ఖర్చు సగం సర్కారు భరిస్తున్నా, మిగతా సగమే గోరుచుట్టు మీద రోకటిపోటులా ఉంది. అందుకని ఆయన తనకి తెలిసిన పద్ధతిలోనే పనిలోకి దిగాడు. లిఫ్టు ఆగిపోతే పైనుంచి ఒక్కో తీగా తడుముకుంటూ రావడం ఆయన అలవాటు. పుస్తకాలు ఎక్కడెక్కడ చవగ్గా దొరుకుతాయో అలాగే ఒక్కొక్కటిగా తడిమాడు.

మొదట ఉచితంగా ఇచ్చేవి దొరికాయి. రాసినవాళ్ళు పోయి చాలా ఏళ్ళవడంతో హక్కులు తీరిపోయిన పాత పుస్తకాలు. ఎవరో పుణ్యాత్ములు కూర్చుని టైపు చేసి పెట్టారు. ఆమె వాటిని నెల రోజులు ఆబగా చదివింది. అన్నీ మా తాతల కాలం మాటలే, ఒక్కళ్ళూ కుట్టుమిషను ముట్టుకోలేదు అని నవ్వింది. తర్వాత దుకాణాలవాళ్ళు రుచి చూపించడానికి ఊరికే ఇచ్చే మొదటి అధ్యాయాలు దొరికాయి. నలభై పుస్తకాల మొదళ్ళు చదివాక, ఇక వద్దండీ, గుమ్మం దాకా వెళ్ళి తలుపు కొట్టకుండా తిరిగొచ్చేసినట్టుంది అంది. అప్పుడప్పుడూ ఒక్కో పుస్తకం ధర కొన్ని రోజులపాటు పదోవంతుకి పడిపోతుందని ఆయన కనిపెట్టాడు. ఆమెకి కావలసిన పుస్తకాల పేర్లు ఒక అట్టముక్క మీద రాసి, తాను ఎక్కువగా వెళ్ళే భవనం పైన మోటారు గదిలో గోడకి అంటించాడు. పొద్దున్నే అక్కడికి ఎక్కగానే, ముందు ఫోనులో ఆ ధరలు చూసి, తర్వాత స్క్రూడ్రైవర్ తీసేవాడు. పడిపోయిన ధర కనిపించిన రోజున ఆయన మెట్లు దిగే తీరే వేరుగా ఉండేదని ఆ భవనం కాపలాదారు తర్వాత చెప్పాడు.

ఒకసారి దారి తప్పాడు కూడా. ఏ పుస్తకమైనా ఊరికే ఇచ్చే చోటొకటి ఉందని తోటి మెకానిక్కు చెబితే, అందులోంచి మూడు వందల పుస్తకాలు ఒక్క సాయంత్రంలో దింపి, నిధి దొరికినట్టు ఆమెకి చూపించాడు. ఆమె ఒకటి తెరిచి కొంచెం చదివింది. ఆ పుస్తకం రాసినావిడ ఇంకా బతికే ఉందని, పోయిన నెలే పేపర్లో ఆవిడ ఫొటో పడిందని చెప్పింది.

“నా దగ్గర బట్టలు కుట్టించుకుని, కూలి రేపిస్తామని పట్టుకెళ్ళి మళ్ళీ మొహం చూపించనివాళ్ళు ఉన్నారు. ఆ బట్టలు వేసుకుని నా ముందునుంచే నడిచేవాళ్ళు. నేనది మర్చిపోలేదండీ. తీసెయ్యండి ఇవి.”

ఆయనకి కష్టం అనిపించింది. నీకోసమే కదా అన్నాడు. తెలుసు అంది. ఆయన కూర్చుని మూడు వందలూ తీసేశాడు.

ఆ తర్వాత వారమే ఆయన లైబ్రరీలో లిఫ్టు బాగుచేయడానికి వెళ్ళాడు. పని అయ్యాక, గ్రీజు చేతులు ప్యాంటుకి తుడుచుకుంటూ, టాబ్లెట్లో చదువుకునే పుస్తకాలు మీ దగ్గర ఉంటాయా అని కౌంటరులో ఉన్నావిడని అడిగాడు. యాభై దాటిన మనిషి, కళ్ళజోడు గొలుసుతో మెడకి వేలాడుతోంది. ఉంటాయి, డబ్బులేం అక్కర్లేదు, కార్డుంటే చాలు అంది. ఒకేసారి ఐదు తీసుకోవచ్చు. ఇరవై ఒక్క రోజులు మీ దగ్గరుంటుంది, ఆ తర్వాత దానంతటదే వెళ్ళిపోతుంది. ఎవరైనా తీసుకుని ఉంటే వరసలో నిలబడాలి. టాబ్లెట్లో పుస్తకానికి వరసేమిటో ఆయనకి అర్థం కాలేదు. “మేం కొన్నది మూడు కాపీలేనండీ. ముగ్గురు చదువుతుంటే నాలుగోవాళ్ళు ఆగాల్సిందే. కాగితమైనా అంతే కదా” అందావిడ. ఆయన భార్య పేరు మీద కార్డు రాయించాడు. సంతకానికి ఫారం ఇంటికి తెచ్చి, మర్నాడు పని ఎగ్గొట్టి మరీ తిరిగి ఇచ్చాడు.

ఆ తర్వాతి ఏడాదిన్నరలో ఆమె రెండు వందల పై చిలుకు పుస్తకాలు చదివింది. డయాలసిస్ రోజున ఆమె మొహంలో భయం పోయింది. కాళ్ళు కొంకర్లు పోయినప్పుడూ, రక్తపోటు పడిపోయి చెమటలు పట్టినప్పుడూ టాబ్లెట్ పక్కకి తిప్పేసి కళ్ళు మూసుకునేది. తేరుకోగానే మళ్ళీ తిప్పుకునేది. చదివింది తాతగారికి చెప్పేది. ఆయనకి చత్వారం, పైగా ఓపిక లేదు. కానీ కథ మధ్యలో ఆపితే మాత్రం ఊరుకునేవాడు కాదు.

చక్కెర జబ్బు ఆమె మూత్రపిండాలతో ఆగలేదు. రెండో ఏడు కళ్ళ మీదికి వచ్చింది. మొదట అక్షరాలు కొంచెం పెద్దవి చేసుకుంది. నెల తిరిగేసరికి ఇంకొంచెం. మూడు వందల పుటల పుస్తకం తొమ్మిది వందలైంది, ఆపైన రెండు వేలైంది. ఇంత లావు పుస్తకాలు నా జన్మలో చదవలేదు అని నర్సుతో జోకులు వేసేది. చివరికి తెర మీద ఏడెనిమిది మాటలకంటే ఎక్కువ పట్టేవి కావు. పుట తిప్పే బొటనవేలికి కుట్టుపని చేసినప్పటి కన్నా పెద్ద కాయ కాసింది.

ఆఖరున ఆమె చదివింది ఒక నది మీద పడవ నడిపే కుటుంబం కథ. ఆ నదికి వంతెన కడతారని కబురొస్తుంది. పడవవాడు అదే వంతెన పనిలో కూలికి చేరాలా, ఊరు వదలాలా అన్నది కథ. దానికోసం ఆమె రెండు నెలలు వరసలో ఉంది. అది వచ్చాక రోజూ అన్నం దగ్గర అదే ముచ్చట. ఒక రాత్రి ఆయన్ని అడిగింది.

“ఆ పడవాడు ఏం చేస్తాడంటారు?”

“నాకేం తెలుసు? నువ్వు చదివి చెప్పు” అన్నాడాయన.

ఆ వారం గురువారం పొద్దున్న ఆమె ఆసుపత్రికి బయలుదేరుతూ చెప్పులు వేసుకోబోయి, గోడకి ఆనుకుని కూర్చుండిపోయింది. ఊపిరాడటం లేదని చెయ్యి ఊపింది. అంబులెన్సు పదిహేను నిమిషాల్లో వచ్చింది. ఆ పదిహేను నిమిషాల్లోనే ఆమె గుండె ఆగిపోయింది. ఆయన ఆమె తల ఒళ్ళో పెట్టుకుని ఉన్నాడు. వచ్చినవాళ్ళు ఎంతసేపు ప్రయత్నించారో, ఎప్పుడు ఆపారో తర్వాత ఆయనకి గుర్తు లేదు.

పది రోజుల తర్వాత ఇల్లు సర్దుతుంటే టాబ్లెట్ టింగుమంది. అది ఆమె సంచిలోనే ఉండిపోయింది. మీ గడువు ముగిసింది, పుస్తకం వెనక్కి వెళ్ళింది అని తెర మీద ఉంది. ఆయన పుస్తకం బొమ్మ మీద నొక్కాడు. తెరుచుకోలేదు. మళ్ళీ నొక్కాడు. ఆమె వేలు తిప్పిన చివరి పుట ఆ గాజు వెనకాల ఎక్కడో ఉంది, ఆయనకి అందదు. ఆ రోజు గాని, ఆ తర్వాత జనం మధ్య గాని కన్నీరు పెట్టని మనిషి, ఆ నేల మీద కూర్చుని ఏడ్చాడు.

మర్నాడు లైబ్రరీకి వెళ్ళాడు. కౌంటరులో ఆవిడే ఉంది. సంగతి విని కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. ఆ పుస్తకం ఈ వారం చాలా చవగ్గా అమ్ముతున్నారు, కొనుక్కోవచ్చు కదా అంది.

“చూశానమ్మా. కొంటే నాకు కొత్తది వస్తుంది. నాకు ఆవిడ చదివింది కావాలి. ఎక్కడ ఆపిందో చూడాలి.”

ఆవిడ కంప్యూటరులో వెతికింది. మళ్ళీ ఇదే కార్డు మీద తీసుకుంటే ఆమె ఆపిన చోటే తెరుచుకుంటుందని చెప్పింది. వరసలో ఆరుగురున్నారు. మనిషి పోతే కార్డు రద్దు చెయ్యాలన్నది అక్కడి నియమం. దానికి ఇంట్లోవాళ్ళు ఫారం నింపి ఇవ్వాలి. ఆ ఫారం ఆవిడ సొరుగులోంచి తీసి, చూసి, మళ్ళీ సొరుగులోనే పెట్టేసింది. “తొందరేం లేదండీ. చదివాక ఇద్దురు గాని” అంది.

పుస్తకం నలభై రోజులకి వచ్చింది. ఆయన అప్పుడు పదకొండంతస్తుల భవనం పైన మోటారు గదిలో ఉన్నాడు. టాబ్లెట్ పనిముట్ల పెట్టెలోనే పెట్టుకు తిరుగుతున్నాడు. మోటారు ఆపి, తలకిందులు చేసిన బకెట్టు మీద కూర్చుని తెరిచాడు. తెర నిండా ఎనిమిది మాటలు, గోడ మీద రాసినంత పెద్ద అక్షరాలు. పడవవాడి భార్య తాడు చేతిలోకి తీసుకుని భర్త వైపు చూసి, అంతే. వాక్యం సగంలో ఉంది.

ఆయన తర్వాతి పుట తిప్పలేదు. ముందు కథ తనకి సరిగ్గా తెలియదు. అన్నం తింటూ సగం విన్నవాడే కదా. మొదటి పుటకి వెళ్ళి అక్కణ్ణుంచి చదవడం మొదలుపెట్టాడు. అక్షరాలు చిన్నవి చెయ్యలేదు. ఆమె ఆపిన పుట అంకె మాత్రం అట్టముక్క మీద రాసుకున్నాడు. ఎందుకంటే తను చదువుతూ పోతే ఆ గుర్తు చెరిగిపోతుందని లైబ్రరీ ఆవిడ ముందే హెచ్చరించింది.

ఆయన చదువు నత్తనడక. పేరాకోసారి వెనక్కి వెళ్ళేవాడు. ఇరవై ఒక్క రోజులు తీరేసరికి మూడోవంతు కూడా కాలేదు. పుస్తకం వెళ్ళిపోయింది. మళ్ళీ వరసలో నిలబడ్డాడు. ఈసారి ముందు నలుగురే. ఆ మధ్య రోజుల్లో ఆయనకో సంగతి తెలిసివచ్చింది. పడవవాడి కూతురికి ఏమవుతుందోనని తను నిజంగానే కంగారు పడుతున్నాడు. సిగ్గుగా అనిపించింది. ముప్ఫై ఏళ్ళు ఆమె అన్నం దగ్గర కూర్చుని పడ్డ కంగారు ఇదే అన్నమాట.

మూడోసారి వచ్చినప్పుడు, ఒక ఆదివారం పొద్దున్న, వంటింటి బల్ల దగ్గర ఆయన ఆ పుటకి చేరాడు. ఎనిమిది మాటలూ నెమ్మదిగా చదివాడు. ఇక్కడిదాకా ఇద్దరికీ తెలుసు. ఇక్కణ్ణుంచి ఆమెకి తెలియదు. కాసేపు కిటికీలోంచి ఎదురింటి డాబా మీద ఆరేసిన దుప్పట్లు చూశాడు. ఆగిపోదామా అనుకున్నాడు. కానీ వాక్యం సగంలో ఉంది, ఆడమనిషి తాడు పట్టుకుని నిలబడి ఉంది. ఆయన బొటనవేలితో తెర తాకాడు.

పూర్తి చేయడానికి ఇంకో తొమ్మిది రోజులు పట్టింది. పడవవాడు వంతెన పనికీ పోలేదు, ఊరూ వదల్లేదు. భార్యాభర్తలిద్దరూ పడవని ఒడ్డుకి లాగి, బోర్లించి, దాన్ని పైకప్పుగా చేసి వంతెన మొదట్లో చిన్న కొట్టు పెట్టుకున్నారు. కొట్టు కూడా అంతంత మాత్రమే. గొప్ప ముగింపేం కాదు. ఆమె అయితే ఏమనేదో ఊహించడానికి చూశాడు. ఊహకి అందలేదు.

మంగళవారం ఆసుపత్రికి వెళ్ళాడు. నాలుగో మంచం మీద ఎవరో కొత్త మనిషి నిద్రపోతున్నాడు. ఐదో మంచం మీది తాతగారు బాగా చిక్కిపోయాడు, అయినా గుర్తుపట్టాడు. మిషనక్క కథ మధ్యలో వదిలేసి పోయిందయ్యా అన్నాడు. ఆయన స్టూలు లాక్కుని కూర్చున్నాడు. కథ చెప్పడం ఆయనకి అలవాటు లేదు. ముందుది వెనక, వెనకది ముందు చెప్పి, రెండుసార్లు సర్దుకుని, మొత్తానికి పడవ బోర్లించిన దాకా తీసుకొచ్చాడు. తాతగారు కళ్ళు మూసుకుని విన్నాడు. “ఆవిడైతే ఇంకా బాగా చెప్పేది” అన్నాడు. ఆయన అవునన్నాడు.

ఆసుపత్రి నుంచి తిన్నగా లైబ్రరీకి వెళ్ళి ఆమె కార్డు బల్ల మీద పెట్టాడు. కౌంటరులో ఆవిడ సొరుగులోంచి ఫారం తీసి ఇచ్చింది. ఆయన నింపి సంతకం పెట్టాడు. ఆవిడ దాన్ని తీసుకుని, అడక్కుండానే కొత్త కార్డు ఫారం ఇంకొకటి ముందుకు జరిపింది. అందులో పేరూ చిరునామా రాశాక, ఎలాంటి పుస్తకాలు ఇష్టం అని ఒక గడి ఉంది. కలం అక్కడ ఆగింది. యాభై తొమ్మిదేళ్ళలో ఆ మాట ఆయన్ని అడిగినవాళ్ళు లేరు.

“ఇది రాయాల్సిందేనా అమ్మా?”

“ఖాళీగా వదిలేసినా ఏం కాదండీ.”

ఖాళీగా వదిలేశాడు. ఆ పడవ పుస్తకం రాసినాయన ఇంకేమైనా రాశాడా అని అడిగాడు. ఇంకొకటుంది, కాకపోతే ముందు నలుగురున్నారు అని ఆవిడ తెర చూసి చెప్పింది.

“ఐదో పేరు నాది రాయండి” అన్నాడాయన.